స్టేషన్ దిగాక పది నిమిషాలు

పోయిన శ్రావణమాసంలో, సరిగ్గా వరలక్ష్మీ వ్రతం మర్నాడు, ఒక బిల్డరు మా ఇంటికొచ్చాడు. వాయనం శనగలు ఇంకా గిన్నెలోనే ఉన్నాయి. అవే కాసిని పోపు వేసి ప్లేటులో పెట్టి ఇచ్చాను. ఆయన తింటూనే ఇల్లంతా కళ్లతో కొలిచేశాడు. "మెట్రో స్టేషను నడిచేంత దూరం... బంగారం లాంటి జాగా. ఇందులో ఈ పాతిల్లు పెట్టుకు కూర్చున్నారేమిటమ్మా?" అన్నాడు.

మాది అశోక్‌నగర్‌లో ఓ సందు. మామగారు 1974లో కట్టించిన ఇల్లు. కింది వాటాలో అత్తయ్యగారూ, మేమూ. మేడమీద నాలుగు గదుల్లో ఎనిమిది మంది ఆడపిల్లలు అద్దెకుంటారు. గ్రూప్సుకో, బ్యాంకు పరీక్షలకో చదువుకునేవాళ్లు. వీధివైపు, ఒకప్పుడు మామగారు స్కూటరు పెట్టుకున్న షెడ్డులో, ఒకావిడ కర్రీ పాయింటు నడుపుతుంది. బిల్డరు లెక్కలో వీళ్లెవరూ లేరు. కింద మొత్తం పార్కింగు, పైన ఫ్లాట్లు, ఫ్లాటుకు రెండు కార్లు. సగం ఫ్లాట్లు మావి, సగం ఆయనవి. "మెట్రో పక్కన కాబట్టే ఈ రేటు" అని నాలుగుసార్లన్నాడు.

ఆయన వెళ్లాక నాకో అనుమానం వచ్చింది. మెట్రో పక్కన కాబట్టి రేటెక్కువ, సరే. మరి మెట్రో పక్కన ఉండేవాళ్లకి ఇంటికి రెండేసి కార్లెందుకు? మావారిని అడిగితే, "వాళ్ల పద్ధతి అంతే" అని పేపరు తిప్పారు. అత్తయ్యగారు మాత్రం తల పంకించి, "అడగాల్సిన మాటే అడిగావు" అన్నారు.

మా చెల్లెలి కూతురు పట్టణ ప్రణాళిక చదువుతోంది. ఆదివారం భోజనానికొస్తే దాని ముందు పెట్టాను ఈ ప్రశ్న. "పెద్దమ్మా, దీనికి మా పుస్తకాల్లో పెద్ద పేరే ఉంది, ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్ అని" అంది. దాని మాటల్లోంచి నాకర్థమైంది ఇది: రైలో బస్సో ఆగేచోట చుట్టుపక్కల నడిచి వెళ్లేంత దూరంలోనే ఇళ్లు, బళ్లు, దుకాణాలు, ఉద్యోగాలు దగ్గర దగ్గరగా ఉండాలి. అన్ని రకాల ఆదాయాల వాళ్లూ అక్కడే బతకగలగాలి. నడక సుఖంగా ఉండాలి. అప్పుడు బండి తియ్యాల్సిన అవసరం తగ్గుతుంది. కేంద్ర ప్రభుత్వం 2017లో దీనిమీద ఒక జాతీయ విధానమే ప్రకటించింది. స్టేషను నుంచి 500 నుంచి 800 మీటర్లు, అంటే పది పన్నెండు నిమిషాల నడక మేరకు ఉన్న ప్రాంతాన్ని ఒక ప్రత్యేకమైన మండలంగా చూడమని అందులో ఉంది. అక్కడ పార్కింగు తగ్గించమనీ, తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్లకు కొంత భాగం ఉంచమనీ కూడా ఉంది.

"మరి మన బిల్డరుకు ఎవరూ చెప్పలేదా?" అన్నాను. అది నవ్వింది.

ఇక్కడ కాస్త మన మెట్రో కథ చెప్పుకోవాలి. జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఇమ్లీబన్ బస్‌స్టేషన్ దాకా 11 కిలోమీటర్లు, 9 స్టేషన్లు ఉన్న ఈ ఆకుపచ్చ లైను 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్‌బజార్... అన్నీ పాత పేటలే. నెలన్నర తిరక్కుండానే కరోనా వచ్చి ఆగిపోయింది, మళ్లీ సెప్టెంబరులో కదిలింది. హైదరాబాద్ మెట్రోను ప్రభుత్వమూ ప్రైవేటు సంస్థా కలిసి కట్టాయి. ఎల్ అండ్ టీతో 2010లో కుదిరిన ఒప్పందంలో టిక్కెట్ల డబ్బొక్కటే కాదు, స్టేషన్ల దగ్గరా డిపోల దగ్గరా కట్టుకునే భవనాల మీద వచ్చే ఆదాయం కూడా పెద్ద లెక్కే. అందుకే మన ఊళ్లో 'స్టేషన్ చుట్టూ అభివృద్ధి' అనగానే పంజాగుట్ట మాల్, ఎర్రమంజిల్ మాల్ గుర్తొస్తాయి. మా చిక్కడపల్లి స్టేషను దగ్గర మాల్ రాలేదు. రాలేదని నాకు బాధేమీ లేదు.

ఎందుకంటే ఆ పుస్తకాల్లో కోరుకుంటున్న పేట మాకు ముందునుంచే ఉంది. లెక్క చూడండి. చిక్కడపల్లి స్టేషను దిగి నడిస్తే వేంకటేశ్వరస్వామి గుడి, త్యాగరాయ గానసభ, సిటీ సెంట్రల్ లైబ్రరీ, సందుకో హాస్టలు, మెస్సు, జిరాక్సు షాపు, టైలరు, మందుల షాపు. అటు ఒక్క స్టేషను వెళ్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు. ఇటు ఒక్క స్టేషను వెళ్తే నారాయణగూడ. ఆడపిల్లల చదువుకు ఆ పేటకున్న పేరు ఈనాటిది కాదు. మాడపాటి హనుమంతరావుగారి పేరుతో ఉన్న బాలికల ఉన్నత పాఠశాల 1928లో మొదలైంది. నిజాం ఏలుబడిలో తెలుగులో ఆడపిల్లలకు చదువు చెప్పాలన్న పట్టుదలతో పెట్టిన బడి అది. రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల 1954 నాటిది. ప్లానింగు పట్టా ఉన్నవాళ్లెవరో గీసి కట్టిన ఊరు కాదిది. అవసరాన్ని బట్టి ఒకదాని పక్కన ఒకటి వచ్చి చేరినవి. మరి మాకు కొత్తగా ఏం కావాలి అంటారా? ఆ పది నిమిషాల నడక కావాలి.

నిరుడు కార్తీకంలో గానసభలో ఏదో కచేరీ విని వస్తూ అత్తయ్యగారు మా సందు మలుపులో పడిపోయారు. కాలువ మీద కప్పిన రాయి కదులుతోంది, దీపం లేదు, పక్కన బండి ఆపి ఉంది. చెయ్యి ఊతం దొరక్క మణికట్టు విరిగింది. ఆ రాయి ఎవరు సరిచెయ్యాలో తెలుసుకోవటానికి మావారు రెండు ఆఫీసులు తిరిగారు. ఒకరు మాది కాదన్నారు, ఇంకొకరు రాసిచ్చి వెళ్లమన్నారు. చివరికి మా వీధివాళ్లమే చందా వేసుకుని కొత్త రాయి పరిపించాం. కట్టు విప్పి ఏడాది కావస్తోంది. అత్తయ్యగారు గానసభ మొహం మళ్లీ చూడలేదు. డెబ్భై ఎనిమిదేళ్లావిడ. ముప్ఫై ఏళ్లుగా అక్కడి ముందు వరస కుర్చీలు ఆవిణ్ణి ఎరుగును. స్టేషను ఉందని మురిసే బిల్డరుకు ఈ సంగతి తెలియదు. పక్కనే ఉన్నా చేరుకోలేనిది ఎంత దూరమో కూర్చుని లెక్కవేసేది ఆవిడొక్కరే.

"నడిచి చూద్దాం పద" అంది మా చెల్లెలి కూతురు. ఓ శనివారం సాయంత్రం మేమిద్దరం నారాయణగూడ స్టేషను దగ్గర మొదలుపెట్టి చిక్కడపల్లి మీదుగా అశోక్‌నగర్ చౌరస్తా దాకా నడిచాం. అది ఒక నోటుబుక్కు పట్టుకుంది. నేను గొడుగు పట్టుకున్నాను.

స్టేషను లోపల సంగతి చెప్పాలంటే లిఫ్టు, ఎస్కలేటరు, నున్నటి నేల. టిక్కెట్టు లేకపోయినా మెట్లెక్కి అవతలి పక్క దిగొచ్చు, రోడ్డు దాటే బాధ లేదు. ఇది చాలామంది ఆడవాళ్లకు తెలియదు, తెలుసుకోండి. చేతిలో పిల్లాడో సంచో ఉంటే ఇంతకన్నా మంచి దారి లేదు. కానీ చివరి మెట్టు దిగిన మరుక్షణం కథ మారిపోతుంది. ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మరు. దాని పక్కన వరసగా మోటారు సైకిళ్లు. అవి తప్పించుకుంటే ఏదో షాపు ముందు అడుగెత్తు మెట్లు. ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి... మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇది కాలిబాట కాదు, పరీక్ష. నోటుబుక్కులో మావాళ్లమ్మాయి లెక్క: చిక్కడపల్లి స్టేషను నుంచి మా గేటు దాకా పదకొండు నిమిషాలు. అందులో ఫుట్‌పాత్ మీద నడిచింది మూడు నిమిషాలు. మిగతా అంతా రోడ్డు మీదే, వెనకనుంచి హారన్లు వింటూ.

తోపుడు బళ్లు తీసేస్తే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. రాత్రి తొమ్మిదింటికి లైబ్రరీ నుంచి వచ్చే ఆడపిల్లలకు ధైర్యం ఆ మిర్చి బండి బల్బే, ఆ జామకాయలవాడి కేకే. అవి లేని సందులోకి మా మేడమీద పిల్లలు ఒంటరిగా రారు, చుట్టూ తిరిగి వస్తారు. బండికి చోటివ్వాలి, మనిషికీ చోటివ్వాలి. తీసెయ్యాల్సిందేమైనా ఉంటే ఊరికే నిలబెట్టి పోయిన వాహనాలే.

అశోక్‌నగర్ చౌరస్తాలో తలెత్తి చూస్తే ఉక్కు వంతెన. ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా సుమారు రెండున్నర కిలోమీటర్లు, 450 కోట్ల రూపాయల ఖర్చు, 2023 ఆగస్టులో తెరిచారు. నాయిని నర్సింహారెడ్డిగారి పేరు పెట్టారు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అది మెట్రో లైను పైనుంచి పోతుంది. కిందనుంచి చూస్తే మెడ పట్టేస్తుంది. వంతెన వద్దని నేననను, మావారు రోజూ దానిమీదే వెళ్తారు. కానీ పైన కారు, దాని కింద రైలు, అన్నిటికన్నా కింద మనిషి... ఆ మూడో అంతస్తుకు ఖర్చు పెట్టటం ఎవరికీ గుర్తు రాలేదే అని మాత్రం అనిపించింది.

మా కర్రీ పాయింటు ఆవిడది మహబూబ్‌నగర్ వైపు. ముషీరాబాద్‌లో ఉంటుంది. పొద్దున్నే పప్పు, కూరలు వండటానికి వచ్చేస్తుంది. "మెట్రోలో రావచ్చు కదా, దగ్గరే కదా స్టేషను" అన్నాను ఓసారి. "నాకెందుకు మేడమ్ మెట్రో? బస్సు ఫ్రీ ఉన్నది గద. గా మెట్రోల పోయేటందుకు పదకొండు రూపాయలు, వచ్చేటందుకు పదకొండు. నెలకు లెక్కేసుకోండ్రి" అంది. లెక్కేశాను. నెలకు ఇరవై ఆరు రోజులు పనిచేస్తే 572 రూపాయలు. ఆవిడ గ్యాసు బండలో సగం పైన. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది. మెట్రో రైలు కనీస చార్జీ 2025 మేలో పది నుంచి పదకొండు రూపాయలయింది. ఒకే రోడ్డు మీద పైన ఒక రకం ఆడవాళ్లు, కింద ఇంకో రకం ఆడవాళ్లు ప్రయాణిస్తున్నారు. ఇందులో తప్పు ఆవిడది కాదు, రైలుదీ కాదు. బస్సూ రైలూ ఒకే టిక్కెట్టుతో, ఒకే చోట ఎక్కి దిగేలా ఉంటే ఆ రెండు రకాలూ కలిసేవి. రద్దీ వేళ బస్సు మెట్ల మీద ఒంటికాలిమీద నిలబడే బాధ ఆవిడకు తప్పేది.

ఇక మేడమీది పిల్లలు. నలుగురికి నాలుగు జిల్లాలు. వీళ్లలో ఒకమ్మాయి మూడో ఏడు చదువుతోంది, నోటిఫికేషన్ పడుతుంది, ఆగుతుంది, మళ్లీ పడుతుంది. "ఇల్లు కొట్టేస్తారా ఆంటీ?" అని అడిగింది మెట్ల మీద. నాకు నోట మాట రాలేదు. ఈ చుట్టుపక్కల అద్దెలు ఎలా పెరుగుతున్నాయో ఆ అమ్మాయికి నాకన్నా బాగా తెలుసు. ఇక్కడినుంచి కదిలితే ఇంకా లోపలికో, ఊరి చివరికో పోవాలి. అప్పుడు లైబ్రరీకి రెండు బస్సులు. స్టేషన్లు ఎవరికోసమో వాళ్లే స్టేషనుకు దూరం జరిగిపోవటమన్నమాట.

ఆ రాత్రి నేనూ మా చెల్లెలి కూతురూ కూర్చుని ఓ చిన్న లెక్క వేశాం. ఒక కారు నిలబెట్టటానికి మామూలుగా రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు వదులుతారు. అంటే దాదాపు 135 చదరపు అడుగులు. మా మేడమీద ఒక్కో గది పది అడుగులు, పన్నెండు అడుగులు. అంటే 120. ఒక కారు నిద్రపోయే చోటు ఇద్దరాడపిల్లలు చదువుకునే గదికన్నా పెద్దది! అదీ కారు తిరగటానికి వదిలే జాగా కలపకుండా. ఫ్లాటుకు రెండో కారు అన్నప్పుడల్లా ఇలాంటి ఒక గది పోతోందన్నమాట.

అయితే తప్పంతా బిల్డరు మీద వెయ్యటం న్యాయం కాదు. భవన నిర్మాణ నిబంధనలే ఇంత పార్కింగు వదలమంటాయి. అవి స్టేషను పక్కన ఉన్న ఇంటికి ఒకటి, లేని ఇంటికి ఒకటి అని పెద్దగా చూడవు. ఇంకో విశేషం కూడా చెప్పింది మా పిల్ల. మిగతా ఊళ్లలో స్టేషను దగ్గర కట్టేవాళ్లకు ఎక్కువ అంతస్తులు అనుమతించి, బదులుగా కాస్త కాలిబాట వదలండి, కొన్ని చిన్న ఇళ్లు కట్టండి అని షరతు పెడతారు. హైదరాబాద్‌లో 2006 నిబంధనలతోనే ఎఫ్ఎస్ఐ పరిమితి తీసేశారు. ఎత్తు అన్నది రోడ్డు వెడల్పును బట్టి, స్థలాన్ని బట్టి. "ముందే అన్నీ ఇచ్చేశాక ఇంక బేరమాడటానికి చేతిలో ఏముంది పెద్దమ్మా?" అంది. నిజమే, కూరగాయల బండి దగ్గర డబ్బు ముందే ఇచ్చేసి కొసరడిగినట్టు.

వియన్నా నగరం సంగతి కూడా అదే చెప్పింది. అక్కడ 1991లో ఊళ్లో ఆడవాళ్లు ఎలా తిరుగుతారో చూపిస్తూ ఒక ఫొటోల ప్రదర్శన పెట్టారట. తర్వాత వాకబు చేస్తే మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువ నడుస్తారని, బస్సూ రైలూ ఎక్కువ వాడతారని తేలింది. ఒక పనికి వెళ్తూ దారిలో బడికి, దుకాణానికి, పెద్దవాళ్ల దగ్గరకి ఆగుతూ పోయేది కూడా వాళ్లే. ఇది తేలటానికి సర్వే అవసరమా అని మీరనొచ్చు! కానీ కాగితం మీద పడ్డాక పని జరిగింది. మరియాహిల్ఫ్ అనే పేటలో 2002 తర్వాత కాలిబాటలు వెడల్పు చేశారు, దీపాలు పెంచారు, రోడ్డు దాటే చోట్లు బాగుచేశారు, కూర్చోవటానికి బెంచీలు వేశారు. మాల్ కట్టలేదు, వంతెన వెయ్యలేదు. బెంచీ అన్న మాట విని అత్తయ్యగారు మంచం మీదనుంచి లేచి కూర్చున్నారు. "దారిలో ఒక్క బెంచీ ఉంటే నేను గానసభకు వెళ్లొస్తానే" అన్నారు.

మెట్రోలో తన వాటాను ప్రభుత్వానికి అప్పగించటానికి ఎల్ అండ్ టీ 2025 సెప్టెంబరులో సూత్రప్రాయంగా ఒప్పుకుంది. పైన స్టేషనుకొకరు, కింద కాలిబాటకొకరు, బస్సుకొకరు, దీపానికొకరు అంటూ తిప్పే రోజులు దీంతో పోతాయని నేననుకోవటం లేదు. కానీ అడగటానికి ఒక్క గుమ్మం తగ్గినా మంచిదే. మా వీధి ఆడవాళ్లం పద్నాలుగు మందిమి ఒక కాగితం రాశాం. అందులో పెద్ద పెద్ద కోరికలేమీ లేవు. స్టేషను మెట్ల నుంచి లైబ్రరీ దాకా ఎత్తుపల్లాలు లేని కాలిబాట, ఆ దారిలో దీపాలు, మూడు బెంచీలు, బస్‌స్టాపు స్టేషను మెట్ల దగ్గరికి జరపటం. సంతకం పెట్టమంటే ఎదురింటాయన, "కార్లు ఎక్కడ పెట్టుకోమంటారు?" అని అడిగారు. ఆయనకు మూడున్నాయి.

మట్టి సంగతి మర్చిపోయాను. మా పెరట్లో ఒక వేపచెట్టు, దాని చుట్టూ కాస్త నేల ఉన్నాయి. మాకు కాస్త దూరంలోనే హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు పోయే నాలా ఉంది. 2020 అక్టోబరు వానలకు పల్లపు వీధుల్లో నీళ్లెలా నిలిచాయో ఇక్కడివాళ్లెవరూ మర్చిపోలేదు. గేటునుంచి గోడదాకా కాంక్రీటు చేసేస్తే ఆ వాననీరు ఎక్కడికి పోతుంది? బిల్డరు గీతలో చెట్టు ఉన్నచోట మూడో నంబరు కారు ఉంది.

అతను మళ్లీ ఫోను చేసినప్పుడు అత్తయ్యగారే ఎత్తారు. "నాయనా, ఈసారి నీ కారు ఇంటిదగ్గరే పెట్టి మెట్రోలో రా. చిక్కడపల్లిలో దిగి నడిచి రా. మెట్రో పక్కనే అన్నావుగా" అన్నారు. నేను కంగారుపడ్డాను, అతనేమనుకుంటాడో అని. ఆశ్చర్యం, సరేనన్నాడు.

ఆదివారం పదకొండింటికి రావాల్సినవాడు పదకొండున్నరకొచ్చాడు. చొక్కా వీపుకంటుకుపోయింది, ఒక కాలి ప్యాంటు మోకాలిదాకా బురద. "మోటారు సైకిలువాడు ఫుట్‌పాత్ మీదకొస్తే కాలువలోకి దిగాల్సొచ్చిందమ్మా" అన్నాడు. రెండు గ్లాసులు మంచినీళ్లు తాగాడు. నేను మా కాగితం తీశాను. ఫ్లాటుకు ఒక్క కారు చాలు, రెండోది మాకొద్దు. వీధివైపు గది కర్రీ పాయింటుకు ఉంచాలి. మా వాటాలో ఒక అంతస్తు చిన్న గదులుగా కట్టాలి, ఆడపిల్లలకి అద్దెకిస్తాం. చెట్టు జోలికి పోకూడదు.

"రెండో కారు లేకపోతే నా వాటా ఫ్లాట్లు అమ్ముడుపోవమ్మా" అన్నాడు. "నిబంధనల్లో ఎంత తగ్గించుకోవచ్చో కనుక్కుంటాను. వీధివైపు గది ఇవ్వగలననుకుంటా. చెట్టు... చూస్తాను." మావారు పేపరు పక్కన పెట్టి, "ఆ చెట్టు మా నాన్న వేసింది" అన్నారు. ఈ విషయంలో ఆయన నోరు విప్పటం అదే మొదలు.

కొత్త డ్రాయింగు సంక్రాంతి వెళ్లాక తెస్తానన్నాడు. మేడమీది పిల్లలకు అప్పటిదాకా ఎవరూ ఎక్కడికీ కదలక్కర్లేదని చెప్పాను. అతను గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు తొడుక్కుంటూ ఓ క్షణం ఆగాడు.

"ఇక్కడ ఆటో దొరుకుతుందామ్మా?" అని అడిగాడు.